మావోడు ఏం తినడు

నల్గొండలో ఏ ఇంటికి పోయినా చాయ్ కంటే ముందు ఈ మాట వస్తుంది: "మావోడు ఏం తినడన్నా!" ఆ గొంతులో దిగులు వెతక్కండి. పిల్లాడికి ఎంసెట్‌లో ర్యాంకు వచ్చినంత గర్వం ఉంటుంది.

ఏమీ తినని ఆ బాబు అప్పటికే సోఫాలో కూర్చుని రెండో చిప్స్ పొట్లం చింపుతుంటాడు. ఇంటి భాషలో 'తినడు' అంటే పెరుగన్నం, చిప్స్, నూడుల్స్, పాలలో కలిపే చాక్లెట్ పొడి తప్ప ఇంకేదీ ముట్టడని. పప్పులో టమాటా తొక్క కనబడితే కంచం తోసేస్తాడు. 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పి బోర్న్‌విటా లాంటివాటిని 'హెల్త్ డ్రింక్' అరలోంచి దింపించింది. మన వంటింట్లో ఆ డబ్బా ఇంకా దేవుడి పటం పక్కనే ఉంది. పొద్దున ఓ గ్లాసు, మాపటికి ఓ గ్లాసు, ఏడిస్తే ఇంకోటి. పాలలో ఇనుము ఉండేదే కాస్త. వాటితోనే కడుపు నిండితే తోటకూరకు చోటెక్కడ? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆర్నెల్లు దాటిన, ఐదేండ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత అని ఊరికే తేలలేదు.

మన బత్తాయి లారీలెక్కి ఢిల్లీ పోతుంది, మన పిల్లాడు నారింజ రంగు కూల్‌డ్రింక్ తాగుతాడు. బాలానగర్ సీతాఫలాలు గంపల్లో రోడ్డు పక్కన కూర్చుంటే కారాపి కొనేది పట్నమోళ్లు. జొన్నరొట్టె అయితే షుగరొచ్చిన తాతకు రాసిన మందు, డాక్టరు చీటీ లేనిదే మనవడికి పెట్టరు!

మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లకు ఒక తరం కాళ్లే వంకరపోయాయి. కాల్షియం చాలని ఒంటికి ఆ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు రోజూ చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. ఇక్కడ నాయనమ్మ పచ్చిపులుసు గిన్నె తెస్తే "వద్దత్తమ్మా, పిలగానికి దగ్గొస్తది" అని కోడలు పక్కకు జరుపుతుంది. ఫ్రిజ్‌లోంచి ఐస్‌క్రీం తీయడానికి జాగా కావాలి కదా.

కొందరు పిల్లలు నిజంగానే ఒక వాసనను, నోట్లో ఒక మెత్తదనాన్ని భరించలేరు. ఆటిజం ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఆ తల్లులతో నాకు పేచీ లేదు, వాళ్లకు కావాల్సింది మంచి డాక్టరు. అసలు వాళ్లు ఆ సంగతి గొప్పగా చెప్పుకోరు.

చెప్పుకునేవాళ్ల ఇంటికే మొన్న పోయాను. అంగన్‌వాడీ ఇచ్చిన బాలామృతం ప్యాకెట్ కొట్టంలో కనబడింది. గోధుమ, శనగపప్పు, పాలపొడి కలిపిన పిండి. కుడితి తొట్లో పోస్తున్నారు. బర్రె నిగనిగలాడుతోంది.

"మా బర్రె ఏదేసినా తింటదన్నా" అంది ఆ ఇల్లాలు, అదే గర్వంతో.