యమపురి లేని ఊళ్లో బ్యాటరీ చావు

ధర్మపురికి వచ్చినవాడికి యమపురి ఉండదని మావైపు సామెత. నరసింహస్వామి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది కాబట్టి ఆ లెక్కలేవో ఇక్కడే తేల్చుకోవచ్చని మా ఊరివాళ్ల ధీమా. ఈ మినహాయింపు మనుషులకే గానీ బ్యాటరీలకు లేదని మొన్న మే నెలలో తెలిసింది. గుడికి కూతవేటు దూరంలో, మా బాపు ఇంటి ముందర, నిండా ముసుగేసుకొని నిలబడ్డ ముప్పై లక్షల హైబ్రిడ్ కారు ఒక పొద్దున కళ్లు తెరవలేదు.

కారు మా అన్న కొనిచ్చాడు. ఉండేది డల్లాస్‌లో. ఒకప్పుడు జగిత్యాల, కోరుట్ల పల్లెలకు దుబాయి నుంచి వచ్చేవాళ్లు టేప్‌రికార్డరూ సెంటు సీసాలూ తెచ్చేవాళ్లు. వాళ్లలో ఒక మంచి గుణం ఉండేది: సామానుతోపాటు తామూ వచ్చేవాళ్లు. ఇప్పటి కొడుకులు తాము రాని ఏడాదికి బదులుగా కారు పంపిస్తున్నారు. ఆ కారును కొండగట్టుకు తీసుకుపోయి అంజన్న ముందర పూజ చేయించాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించాం. దాని బతుకులో అదే మొదటి దూరప్రయాణం. ఇంచుమించు చివరిది కూడా. బాపుకు డ్రైవింగ్ వచ్చు. కానీ గీతలు పడతాయని బండి తీయడు. మెట్‌పల్లిలో పెళ్లయినా, మంచిర్యాలలో చావైనా కారును ఇంటి దగ్గర కాపలా పెట్టి తాను ఆర్టీసీ బస్సెక్కుతాడు. 2023 డిసెంబరు నుంచి అమ్మకు టికెట్టు కూడా లేదాయె. ముప్పై లక్షల బండి ఫ్రీ బస్సుతో పోటీపడి ఎట్లా గెలుస్తుంది?

కొన్ననాడు షోరూం కుర్రాడు చెప్పిన పురాణం నాకింకా గుర్తుంది. ఇందులో ఆల్టర్నేటర్ లేదు సార్, సెల్ఫ్ మోటారు లేదు సార్, ప్లగ్గు పెట్టే పని లేదు సార్, తనకు తానే చార్జ్ అవుతుంది సార్. పెద్ద బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ అని చెప్పినప్పుడు వాడి ముఖం సొంత ఆస్తి రాసిచ్చినవాడిలా వెలిగిపోయింది. ఏది చెప్పినా నిజమే చెప్పాడు. అబద్ధమాడకుండా మోసం చేయడం ఒక విద్య, దానికి కూడా ట్రైనింగ్ ఇస్తున్నట్టున్నారు. ఆ బండిలో ఇంకొక బ్యాటరీ ఉందనీ, అది మన ఊరి ట్రాక్టరులో ఉండే జాతిదేననీ, అది పడుకుంటే మొత్తం పడుకున్నట్టేననీ వాడు చెప్పలేదు. మనం అడగలేదు. మనం మైలేజీ అడిగాం, సన్‌రూఫ్ అడిగాం, సీటు కవర్లు ఫ్రీనా అని అడిగాం. విద్యుత్తు కారుకు 5 శాతం జీఎస్టీ, హైబ్రిడ్‌కు సెస్సుతో కలిపి 43 శాతం వసూలు చేసిన రోజుల్లో కొన్నాం గనుక ఏది ఫ్రీగా వచ్చినా అదొక ఓదార్పు.

అసలు సంగతి గుడి భాషలో చెబితే తొందరగా అర్థమవుతుంది. గర్భగుడిలో స్వామి ఎంతటి మహిమ గలవాడైనా, పొద్దున తలుపు తీసే తాళంచెవి అయ్యగారి బొడ్డులో ఉంటుంది. ఆయన నిద్ర లేవకపోతే స్వామికి అభిషేకం లేదు, మనకు తీర్థం లేదు. పెద్ద బ్యాటరీ ఆ స్వామి. ఇంజిన్‌ను తిప్పి లేపేది దాని కరెంటే. అయితే వందల వోల్టుల శక్తి ఊరికే వైర్లలో తిరగకూడదని బండి ఆపగానే రిలేలు దాన్ని విడదీసి లోపల పెట్టి గడియ వేస్తాయి. మెకానిక్ చేతికి షాక్ తగలకుండా, యాక్సిడెంట్ అయితే మంటలు రాకుండా చేసిన ఏర్పాటది. మంచిదే, కాదనను. కాకపోతే ఆ గడియ తీయాలన్నా, తలుపు తాళం పలకాలన్నా, బండిలోని కంప్యూటర్లు మేలుకోవాలన్నా కావలసింది చిన్న బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు. గడియ తీశాక పెద్దది చిన్నదానికి మళ్లీ అన్నం పెడుతుంది. తీయకపోతే పక్క గదిలో ధాన్యం రాశి పెట్టుకొని వాకిట్లో పస్తుండటమే. తనకు తానే చార్జ్ అవుతుందన్న మాటకు అర్థమిది: బండి ఆన్‌లో ఉంటేనే అవుతుంది. ముసుగు కింద కాదు.

ముసుగు కింద జరిగేది ఖర్చే. తాళంచెవి ఎప్పుడు దగ్గరికొస్తుందా అని బండి రాత్రింబవళ్లు చెవులు రిక్కించుకొని ఉంటుంది, అలారం కాపలా కాస్తుంది, గడియారం నడుస్తుంది. ఆ సన్నటి ధార వారాల తరబడి కారుతుంది. పైన మే నెల ఎండ 45 దాటి కాస్తే సీసం బ్యాటరీ ఆయుష్షు ఇంకా కరుగుతుంది. మా ఇంట్లో దీనికి తోడు భక్తి. సాయంత్రం చల్లబడ్డాక బాపు కార్లో కూర్చొని నరసింహ శతకం వినేవాడు. మా ఊరి శేషప్ప కవి శతకం, ఆ స్పీకర్లలో వింటే ఆ సుఖమే వేరట. బటన్ నొక్కేవాడు గానీ బ్రేకు తొక్కేవాడు కాదు. బ్రేకు తొక్కకుండా నొక్కితే పాట వస్తుంది, లైట్లు వస్తాయి, పెద్ద బ్యాటరీ మాత్రం గడియ వెనకనే ఉంటుంది. నెలన్నరపాటు శతకమంతా ఆ చిన్న ప్రాణి ఒక్కటే మోసింది.

ఇక చచ్చిన రోజు సంగతి. ఫోనొస్తే జగిత్యాల నుంచి స్కూటరు మీద పోయాను. బాపు రిమోట్‌ను కారు అద్దానికి ఆనించి నొక్కుతున్నాడు, దగ్గరికి తీసుకుపోతే వినబడుతుందేమోనని.

"గంత పెద్ద బ్యాటరీ ఉన్నదన్నరు గదరా? దానికేమైంది?"

"దానికేం కాలే బాపూ. మంచిగనే ఉన్నది."

"మంచిగుంటే పలుకదేంది?"

రిమోట్ కడుపులో ఇనుప తాళంచెవి ఒకటి దాక్కొని ఉంటుంది. గోరుతో చిన్న మీట జరిపితే బయటికొస్తుంది. మూడేళ్లుగా ఇంట్లో ఉన్న వస్తువులో అటువంటిది ఉందని ఆనాడే తెలిసింది. దానితో డ్రైవర్ తలుపు తెరిచాం. ఈలోగా వాడకట్టు దిగింది. బండి షురూ కాకపోతే మనకు తెలిసిన వైద్యం ఒక్కటే, నూకుడు. "నూకుర్రి, నూకుర్రి" అని ఆరుగురు వెనక చేరారు. ఫాల్గుణంలో స్వామివారి రథాన్ని కదిలించిన చేతులవి. కారు ఇసుమంత జరగలేదు. హ్యాండ్‌బ్రేక్ కూడా కరెంటుదే. పట్టు వదలాలన్నా, గేరు న్యూట్రల్‌లో పడాలన్నా కరెంటే కావాలి. ఒకవేళ కదిలినా లాభం లేదు, ఈ జాతి బండ్లు నూకితే స్టార్ట్ కావు. ఎనకటి అంబాసిడర్‌కు ముందర ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్లు. 1912లో కాడిలాక్ కంపెనీ కరెంటు సెల్ఫ్ పెట్టి లోకాన్ని ఆ తిప్పలు తప్పించింది. నూరేళ్లు దాటాక మనం ఎంత ఎదిగామంటే, తిప్పుదామన్నా తిప్పే చోటు లేదు.

చిన్న బ్యాటరీ ఎక్కడుందో వెతికితే డిక్కీలో ఉందని మాన్యువల్ చెప్పింది. డిక్కీ ఎట్లా తెరవాలి? బటన్ నొక్కితే తెరుచుకుంటుంది. బటన్‌కు కరెంటు? ఆ బ్యాటరీ నుంచే. పెట్టె తాళంచెవిని పెట్టెలోనే వేసి మూసిన మహానుభావుడు ఎవరో గానీ, వాడికి గోదావరి ఒడ్డున సన్మానం చేయాలి. చేసిన పాపానికి పరిహారంగా వాడే బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో ఎర్ర మూత వేసిన ఒక కొన వదిలిపెట్టాడు. బయటి కరెంటు అక్కడ ఇవ్వొచ్చు. బ్యాటరీ షాపాయన మీటరు పెట్టి చూశాడు. నిండుగా ఉంటే 12.6 చూపించాలి. 9.8 చూపించింది. "పానం లేదు సార్," అని తేల్చేశాడు.

ఆదుకున్నది పక్కింటివాళ్ల మారుతీ 800. రంగు పోయింది, బంపరు తాడుతో కట్టి ఉంది, హారన్ తప్ప అన్నీ మోగుతాయి. దాన్ని తెచ్చి ముక్కుకు ముక్కు ఆనించి నిలబెట్టారు. ఎర్ర వైరు ఎర్ర కొనకు, నల్ల వైరు దూరంగా ఒక ఇనుప బోల్టుకు. తారుమారైతే లోపల ఖరీదైనవి కాలిపోతాయని బ్యాటరీ ఆయన నాలుగుసార్లు చూసుకున్నాడు. నేను బ్రేకు తొక్కి బటన్ నొక్కాను. పచ్చగా 'రెడీ' అని వెలిగింది. చప్పుడు లేదు. హైబ్రిడ్ గదా, ఇంజిన్ అవసరమైనప్పుడే లేస్తుంది. "కాలేదురా," అన్నాడు బాపు నిరాశగా. అయ్యిందని నమ్మించడానికి నేను వైపర్లు వేసి చూపించాల్సి వచ్చింది. ఆ మారుతీ రేపు పడుకుంటే మన బండితో లేపొచ్చా అని ఎవరో అడిగారు. ఇటువంటి కొన్ని బండ్ల మాన్యువల్‌లో రాసి ఉంటుంది, తీసుకోవచ్చు గానీ ఇవ్వకూడదని. పెద్దింటి లక్షణం.

తర్వాత సర్వీసు సెంటరుకు ఫోన్ చేశాను. పేరు చెప్పను, చెప్పినా మీకు తెలిసిన గొంతే.

"సార్, మీరు బండి నడపలేదు. నడపకపోతే బ్యాటరీ పోతుంది."

"బ్యాటరీ పోయింది కదా, ఇప్పుడు ఎట్లా నడపాలి?"

"నడిపి ఉంటే పోయేది కాదు సార్."

"వారంటీ?"

"ఎనిమిదేళ్లుంది సార్. దానికి. దీనికి అయిపోయింది సార్."

ముప్పై లక్షల బండికి తొమ్మిది వేల బ్యాటరీ. ఆ తొమ్మిది వేల గురించి కాదు నా బాధ. ఈ బ్యాటరీ జాతిని గాస్తోన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన 1859లో తయారుచేశాడు. 1997లో జపాన్‌లో ప్రియస్ రోడ్డెక్కి హైబ్రిడ్‌ను ఇంటింటి మాట చేసింది. ఇంత విద్య నేర్చినవాళ్లకు లోపలున్న పెద్ద బ్యాటరీ నుంచి వాకిట్లో పస్తున్నదానికి రెండు ముద్దలు పెట్టడం చేతకాదా అంటే, చేతనవుతుంది. హ్యుందాయ్ తన ఐయానిక్ హైబ్రిడ్‌లో 12 వోల్టుల లిథియం బ్యాటరీని పెద్దదాని పెట్టెలోనే పెట్టింది. పూర్తిగా అడుగంటకముందే అది తనను తాను విడదీసుకుంటుంది, స్టీరింగ్ పక్కన రీసెట్ బటన్ ఒకటి నొక్కితే మళ్లీ లేస్తుంది. చేయగలిగిన పని చాలామంది చేయలేదంటే అర్థం, వాళ్ల లెక్కలో వాకిట్లో నిలబడి వైర్లు వెతుక్కునేవాడి టైముకు ధర లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. 2015లో మా ఊరికి వచ్చిన జనాన్ని చూసినవాణ్ని గనుక అధికారులకు ఇప్పుడే ఒక మనవి. ఈసారి వచ్చే కార్లలో సగం పన్నెండు నెలలుగా ముసుగు తీయనివే ఉంటాయి. పార్కింగ్‌లో పాటల కోసం బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కి పిల్లల్ని కూర్చోబెడతారు. బట్టలు మార్చుకునే గదుల పక్కన, పిండప్రదానాల షెడ్డుకు ఎదురుగా, జంపర్ కేబుళ్ల కౌంటరు ఒకటి తెరవండి. ఒక పాత మారుతీ 800ను అక్కడ శాశ్వతంగా కట్టేయండి.

కొత్త బ్యాటరీ వేయించాం. వారానికోసారి గంటసేపు నడపాలని షాపాయన మాట తీసుకున్నాడు. ఇప్పుడు బాపు ప్రతి గురువారం జగిత్యాల దాకా పోయి వస్తాడు, పనేమీ లేకుండా. మా ఇంటి ముందు రెండు నిమిషాలు ఆపుతాడు, బండి మాత్రం ఆపడు. "దిగుతలేవా బాపూ?" అంటే "బ్యాటరీని తిప్పుకొస్తున్న" అంటాడు, షుగరు మనిషి నడకకు వెళ్లినట్టు. అన్న డల్లాస్ నుంచి ఫోన్ చేసి మొదట అడిగేది అదే: బ్యాటరీ బాగుందా?

భరణి నక్షత్రం నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకొని యముని గుడికి పోయింది. గండదీపంలో నూనె పోయడానికి వంగి, మధ్యలో ఆగి నావైపు తిరిగింది.

"పేరేమని చెప్పాలెరా?"

బ్యాటరీ మీద అచ్చేసిన నంబరు నా ఫోన్లో ఉంది. చదివి వినిపించాను. తయారైన నెల కూడా చెప్పమంది, నక్షత్రం కోసం.