జంపఖానాకు లైకుల రంగు

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెనకాలే ఆన్‌లైన్ మార్కెటింగ్ గురువులూ దిగారు: రోజుకో రీల్ పెడితే టోకు ఆర్డర్లు వాటంతటవే వస్తాయట! వంద జంపఖానాలు కొనే హోటల్ యజమాని రీల్ చూసి మురిసిపోడు. ఉతికితే రంగు దిగుతుందా, సరుకు ఏ తేదీకి చేరుతుంది, జీఎస్టీ బిల్లు ఇస్తారా అంటాడు. పేజీలో ఉండేదేమో పండుగ శుభాకాంక్షలు, ‘రేటుకు ఇన్‌బాక్స్ చేయండి’. చేస్తే, జవాబుగా ఓ నమస్కారం బొమ్మ. మిర్చి సంగతీ అంతే: 2016లో మొదలైన జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ వేలంపాటను తెరమీదికి ఎక్కించినా, వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్లో వ్యాపారి మిర్చికాయ విరిచి చూడటం మానలేదు.

నెట్ లేకుంటే ఢిల్లీ వ్యాపారికి జంపఖానాలు నేసే మన వరంగల్ కొత్తవాడ ఎలా తెలుస్తుందంటారా? నిజమే. తెలిశాక మాత్రం అతనికి కావాల్సింది కొలతలు, కనీస ఆర్డరు, ఫోనెత్తే మనిషి. వీటికి గురుదక్షిణ అక్కర్లేదు. ఆ పాఠం సిలబస్‌లో లేనిది బహుశా అందుకేనేమో!