చన్నీళ్ళ పుస్తకాలు చేరదీయు విధానం

చన్నీళ్ళ స్నానం మీద పాత వైద్య గ్రంథాలు సేకరించాలని సరదా పుట్టిందా? ముందు గీజరు బాగు చేయించుకోండి. వణికే చేతుల్తో మూడు వందల ఏళ్ళనాటి కాగితం తిప్పకూడదు.

మొదట కొనాల్సింది సర్ జాన్ ఫ్లాయర్‌ని. ఇంగ్లండులో లిచ్‌ఫీల్డ్ వైద్యుడు. ఆయన చన్నీళ్ళ పుస్తకం 1702లో వచ్చింది. బాప్తిస్మంలో పసిపిల్లల్ని నీళ్ళలో ముంచడం మానేశాకే రికెట్స్ పెరిగిందని ఆయన వాదన. ఎండ సంగతి ఆయనకు తట్టలేదు, మనకూ అనవసరం. తర్వాతి ముద్రణల్లో ఎడ్వర్డ్ బేనార్డ్ అనే డాక్టరు రాసిన రెండో భాగం కూడా ఉంటుంది. అమ్మేవాడు మొదటి భాగమే పంపితే పేచీ పెట్టకండి, పోస్టు ఖర్చు కలిసొస్తుంది. పేజీలు లెక్కపెట్టడం మరీ చిల్లర బుద్ధి. ఆ కాలపు అచ్చులో పదం నడుమ వచ్చే ఎస్ అక్షరం దాదాపు ఎఫ్‌లా ఉంటుంది. ఎఫ్‌గానే పైకి చదవండి. వినేవాళ్ళు లాటిన్ అనుకుంటారు.

అట్ట దూడతోలు అని మాత్రం ఇంట్లో అమ్మకు చెప్పకండి. ముట్టుకున్నప్పుడల్లా తలస్నానం చేసి రమ్మంటుంది. మనం ఈ పుస్తకాలు కొనేది చన్నీళ్ళు పోసుకోవడానికి కాదు కదా.

లివర్‌పూల్ డాక్టరు జేమ్స్ కరీ 1797లో అచ్చేయించిన పుస్తకం దొరికితే జాగ్రత్త. జ్వరంతో కాలిపోతున్న రోగి మీద బకెట్లకొద్దీ చన్నీళ్ళు కుమ్మరించిన మనిషి. అంతవరకూ బాగానే ఉంది. కానీ ధర్మామీటరు పెట్టి చూడాలంటాడు. చలి పుట్టినప్పుడు వద్దంటాడు, ఒళ్ళంతా చెమట పడుతున్నప్పుడు వద్దంటాడు. ఇన్ని ‘వద్దు’లున్న పుస్తకం బీరువాలో వెనక వరసలో ఉండాలి.

జర్మనీ ఫాదరీ సెబాస్టియన్ క్నైప్ నీటివైద్యం పుస్తకం 1886లో వచ్చింది. లెక్కలేనన్ని ముద్రణలు పొందింది. ఏ ముద్రణైనా సరే, అట్ట మాసి ఉంటే చాలు, మొదటిదాని ధర ఇచ్చేయండి.

లైప్‌జిగ్ లూయీ కూనే తొట్టిస్నానాల పుస్తకాన్ని 1894 ప్రాంతంలోనే వెంకటాచలపతి శర్మ గారు తెలుగు చేశారు. తెలుగుదే కదా, తొందరేముంది? ఎవరింటి అటక మీదో ఉండే ఉంటుంది. ముందు లండనుకి డబ్బు పంపండి. ఈలోగా ఆ ఇంటివాళ్ళు అటక దులిపి పాత పేపర్లవాడికి కిలోల లెక్కన వేసేస్తే మరీ మంచిది, మిగిలిన కాపీల ధర పెరుగుతుంది.

ఇక మరమ్మతు. వీపు ఊడితే మైదా జిగురు ఉడికించండి. అందులో మైలుతుత్తం కలపమంటారు పెద్దలు. పురుగుల నోరు కొట్టడం మనకెందుకు? పేజీల అంచున టీ రంగు మరక కనబడితే, ఎప్పుడో నీళ్ళు తగిలాయన్నమాట. నీటి మరక నీటితోనే పోవాలి. పుస్తకాన్ని బకెట్లో ముంచి, పిండి, దండెం మీద వేసి క్లిప్పు పెట్టండి. నేను అలాగే చేశాను. ఆరేసరికి తోలు అట్ట అప్పడంలా వంకర తిరిగి నల్లబడింది, లోపలి కాగితం ఉబ్బి పుస్తకం మూసుకోనంది. రుబ్బురోలు పొత్రం తెచ్చి పైన పెట్టాను. ఏడాదిగా అక్కడే ఉంది. ఇడ్లీకి పప్పు నానబోసిన రోజున మాత్రం మా ఆవిడ పొత్రం పట్టుకుపోతుంది. ఫ్లాయర్ మెల్లగా నోరు తెరుస్తాడు.