వేయిపడగలైనా ఒకటే లెక్క

డిసెంబరు వచ్చిందంటే, చదివిన పుస్తకాల లెక్క రాసుకునే గుడ్‌రీడ్స్ యాప్ ఖాతాదారులకు గుండెదడ. జనవరిలో ఊపుమీద పెట్టుకున్న 50 పుస్తకాల లక్ష్యం ఎక్కడో ముప్ఫయ్యో పుస్తకం దగ్గర చతికిలబడి ఉంటుంది. ఎన్ని పుస్తకాలు వెనకబడ్డారో యాప్ మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. సరిగ్గా అప్పుడే చలం మీద భక్తి పొంగుకొస్తుంది. సాహిత్యాభిమానం అనుకునేరు! 'మైదానం' ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది మరి. విశ్వనాథవారి 'వేయిపడగలు' ముట్టుకుంటే సంక్రాంతి దాటిపోదూ? లెక్కలో మాత్రం అదీ ఒకటే, ఇదీ ఒకటే.

సినిమాలు చూసేవాళ్లదీ అదే గోల. చూసిన సినిమాల పద్దు రాసుకునేందుకు 2011లో న్యూజిలాండ్‌లో పుట్టిన లెటర్‌బాక్స్‌డ్‌లో, మూడున్నర గంటలు దాటిన 'దానవీరశూరకర్ణ' (1977) కూడా ఒక్క పద్దే. కొందరు శుభం కార్డు పడకముందే రేటింగు చుక్కలు వేసేస్తారు. ఆ ఫోన్ వెలుగంతా పక్క సీటాయన కళ్లలోకే.

వెనకటి పాఠకులు చిరిగిన సినిమా టికెట్టును నవలలో గుర్తుగా పెట్టుకునేవారు. రెండు ఖాతాలూ ఒకే పేజీలో ఉండేవి.