పడుకోవద్దని వేసిన మంచం

అందరూ నన్ను మంచం అంటారు గానీ, బొంత ఎత్తి చూస్తే నాలో మంచం పాలు బహు తక్కువ. అడుగున అట్టపెట్టెలు, వాటి మీద గాలి పరుపు, ఆ పైన తెల్లటి బొంత, తలవైపు పెద్దవీ చిన్నవీ కలిపి ఎనిమిది దిండ్లు. ఒక్కో దిండు నడినెత్తిన అరచేతి అంచుతో ఒక్క వేటు వేస్తారు, రెండు మూలలూ నిక్కబొడుచుకోవాలని. తలవైపు బోర్డొక్కటే నిజమైనది. అది నిజమైతే తక్కినవీ నిజమేననుకుంటారని, అమ్మకానికున్న ఇళ్ళని సర్దే మా స్టేజింగ్ ఆవిడ లెక్క. ఆ లెక్క చాలాసార్లు కుదిరింది కూడా.

టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో ఊళ్ళ మధ్య తిరుగుతుంటాను. సొంత చిరునామా అంటే గోడౌనే. ఎవరికో వేరే ఊళ్ళో ఉద్యోగం వస్తుంది, సామాను ట్రక్కెక్కుతుంది, ఇల్లు ఖాళీగా అమ్మకానికి మిగులుతుంది. అప్పుడు నాకు పిలుపు. 1970లలో సియాటిల్ వైపు బార్బ్ ష్వార్జ్ అనే ఏజెంటు, నాటకాలు తెలిసిన మనిషి, అమ్మబోయే ఇంటిని రంగస్థలంలా సర్దమని చెప్పడం మొదలుపెట్టిందట. ఆ పుణ్యమే నా బతుకు. రియల్టర్ల జాతీయ సంఘం 2023 సర్వేలో, కొనేవాళ్ళ కోసం ముందు సర్దాల్సింది హాలు అని తేలింది. మాస్టర్ బెడ్‌రూమ్‌ది రెండో స్థానం. సోఫాకి అప్పట్నుంచీ కాస్త పొగరు.

ఖాళీ గదికి ఒక చిత్రమైన జబ్బుంది. సామాను తీసేస్తే పెద్దదిగా కనపడాలి కదా? చిన్నదైపోతుంది. కంటికి ఆనవాలు దొరకదు. మేకులు పీకిన చిల్లులూ, కార్పెట్‌లో పాత మంచం కోళ్ళు దిగిన గుంటలూ మాత్రం దొరుకుతాయి. "ఇందులో మంచం పడుతుందా?" అని భార్యాభర్తలు గుమ్మంలోనే తగువు వేసుకుంటారు. నన్ను చూశాక ఆ తగువు ఉండదు. నేను మంచం వేషంలో ఉన్న కొలబద్దని. అందులోనూ కిటుకుంది. 12 అడుగుల గదిలో 76 అంగుళాల కింగ్ వేస్తే అటూ ఇటూ 34 అంగుళాలే మిగులుతాయి. నేను 60 అంగుళాల క్వీన్‌ని, నా పక్కన 42 మిగులుతాయి. కొన్నాక వాళ్ళు కింగే తెచ్చుకుని మోకాళ్ళు కొట్టుకుంటారు. అది వాళ్ళ తంటా.

ఈ ఇళ్ళలో పిల్లల ఫొటోలుండవు, దేవుడి పటం ఉండదు. వంటింటి గట్టు మీద ప్లాస్టిక్ నిమ్మకాయలుంటాయి. చూడ్డానికొచ్చినవాళ్ళు ఆ ఇంట్లో తమని ఊహించుకోవాలట, ఇంకొకరి ఆనవాలు అడ్డం రాకూడదట. ఈమధ్య వర్చువల్ స్టేజింగ్ అని, ఖాళీ గది ఫొటోలోకి కంప్యూటరే మంచాలు దింపేస్తోంది. ఇంటికొచ్చి తలుపు తీస్తే బోడి గది! నేను అట్టదాన్నైనా, ఉన్నచోట ఉంటాను.

నా శత్రువు చలి. మనుషుల్లేని ఇంటికి బిల్లు దండగని హీటర్ తగ్గించేస్తారు. రాత్రి చలికి లోపలి గాలి కుంచించుకుపోతుంది. తెల్లారేసరికి నా నడుం దిగబడి, దిండ్లు గుంటలోకి జారతాయి. ఆదివారం ఓపెన్ హౌస్ ఉంటే మా స్టేజింగ్ ఆవిడ పొద్దున్నే పంపు పుచ్చుకుని పరుగెత్తుకొస్తుంది.

అలాంటి ఒక ఆదివారం మనవాళ్ళు వచ్చారు. కోడలు వీధి గుమ్మం దగ్గరే ఫోన్లో దిక్సూచి తెరిచి తూర్పు ముఖమేనని ఖాయం చేసుకుంది. తెనాలి నుంచి కొడుకింటికొచ్చిన అత్తగారు మెట్లెక్కి, ఆయాసపడుతూ తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"అత్తయ్యా, అది కూర్చోవడానికి కాదండీ!"

"మంచం మరి దేనికే?" అంటూనే కూర్చుంది.

ఆవిడ వైపు గాలంతా అవతలికి పరుగెత్తింది. ఆ చివర దిండ్లు ఎగిరి కింద పడ్డాయి. అడుగున అట్ట ఫెళ్ళుమంది. కొడుకు రెక్క పట్టుకుని లేపాడు. ఆవిడ ఊరుకోలేదు, వంగి బొంత ఎత్తింది.

"ఒరేయ్, అట్టపెట్టెలురా! పైగా తల ఉత్తరానికి పెట్టారు!"

నిజమే. గుమ్మంలోంచి ఫొటో బాగా వస్తుందని ఆ గోడకి చేర్చారు. మా స్టేజింగ్ ఆవిడకి దిక్కులతో పనిలేదు. పెద్దావిడకి అనుమానం ముదిరింది. వేలి కణుపులతో గోడ మీద కొట్టింది. డొల్ల మోత.

"ఇదీ అట్టేనా?"

"జిప్సం బోర్డమ్మా. ఇక్కడ ఇళ్ళు చెక్క ఫ్రేము మీద దీంతోనే కడతారు."

"దీనికా లక్షల డాలర్లు!"

కోడలు బయటికి నడిచింది. మా ఆవిడ వచ్చి విరిగిన మూలకి టేపు చుట్టి, దిండ్లకి మళ్ళీ తలో వేటూ వేసింది. నాకు పెద్దావిడ మీద కోపం లేదు. నన్ను చూసి గదిని కొలిచినవాళ్ళే అందరూ, నమ్మి కూర్చున్నది ఆవిడ ఒక్కతే.

ఇల్లు వేరేవాళ్ళు కొన్నారు. సోఫా, దీపాలు, మంచం అన్నీ కలిపి ఎంతకిస్తారని అడిగారట. సోఫాకి, దీపాలకి మా ఆవిడ వెంటనే ధర చెప్పింది. మంచం సంగతి మళ్ళీ అడిగితే, అది వేరే ఇంటికి బుక్ అయిపోయిందని చెప్పి గాలి తీయడం మొదలుపెట్టింది.