అలకపాన్పు మీద హాట్‌స్పాట్

సంక్రాంతికి అత్తారింటికెళ్లిన సాఫ్ట్‌వేర్ అల్లుడు అలగడం మానేశాడట. ఆ డ్యూటీ ఇప్పుడు ఆయన ఫోన్ హాట్‌స్పాట్ చేస్తోంది. మీటింగ్‌లో మేనేజర్ నోరు తెరవగానే పుటుక్కున తెగుతుంది. ఇక ఇంటిల్లిపాదీ నెట్‌వర్క్ ఇంజినీర్లే.

సిగ్నల్ బాగుంటుందని మామగారు ఫోన్‌ను డాబా మీద వాటర్ ట్యాంకు పక్కన పెట్టిస్తారు. ల్యాప్‌టాప్ మాత్రం కింద పడగ్గదిలో! ఫోన్‌కు టవర్ అందుతుంది, ల్యాప్‌టాప్‌కు ఫోన్ అందదు. "5 గిగాహెర్ట్జ్ పెట్టు బావా, రాకెట్టే!" అంటాడు బావమరిది. దానికి గోడలంటే గిట్టదు. పైగా కంపెనీవారు దయతో ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌కు 2.4 తప్ప మరోటి కనపడదు. సరే, 2.4కే మారిస్తే వంటింట్లో మైక్రోవేవ్, చెవిలో బ్లూటూత్ కూడా ఆ దారినే పోతుంటాయి.

ల్యాప్‌టాప్ మూత వేసి పులిహోర తినొచ్చేసరికి, ఎవరూ వాడటం లేదుగదా అని హాట్‌స్పాట్ తనంతట తానే పడుకుంటుంది. ఉన్న డేటాను విండోస్ అప్‌డేట్ మేసేస్తుంది. 'మీటర్డ్ కనెక్షన్' అని ఒక్క మీట నొక్కితే చాలావరకు ఆగేది. నొక్కేదెవరు? కోటా అయ్యాక చాలా ప్లాన్లలో దక్కేది 64 కేబీపీఎస్. అందులో మేనేజర్ మొహం గళ్లు గళ్లుగా వస్తుంది (అదొక్కటే లాభం).

చివరికి మేనల్లుడు ఛార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు గుచ్చి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాడు. నెట్ నిలబడింది, ఛార్జింగూ ఎక్కింది.

అల్లుడి మొహం మాడిపోయింది. కోడిపందేల వేళకు "నెట్ పోయింది సార్" అనే దారి మూసుకుపోయింది మరి!