గొంతు బాగున్న మాస్టారు వద్దు

కోర్టులో స్టెనో ఉద్యోగానికి షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటాననగానే ఇంట్లో తలా ఒక ఇన్‌స్టిట్యూట్ చెప్పారు. అమ్మ గుడి పక్కది చెప్పింది. నాన్నగారు ఫీజు తక్కువది చెప్పారు. తమ్ముడు ఏసీ ఉన్నదానికి ఓటేశాడు, చేరేది వాడు కాకపోయినా.

జిల్లా కోర్టులో స్టెనోగా రిటైరైన మావయ్య మాత్రం, "అమ్మాయ్, ముందు మాస్టారి నోరు చూడు" అన్నాడు. ఎద్దుల్ని కొనేవాళ్లు పళ్లు చూస్తారని విన్నాను గానీ, గురువుని ఎంచుకోవడానికీ అదే పద్ధతని తెలియదు.

గుడి పక్క మాస్టారి డిక్టేషన్ రేడియో వార్తల్లా ఉంది. ప్రతి మాటా కడిగి ఆరబెట్టినట్టే. నాకు తెగ నచ్చింది.

"పనికిరాడు" అన్నాడు మావయ్య. "హయ్యర్ పరీక్షంటే నిమిషానికి 120 మాటలు. అక్కడ గడియారం ఉంటుంది, నిశ్శబ్దం ఉంటుంది. కోర్టులో ఏముంటుంది? సాక్షి తెలుగులో ఊరంతా తిప్పి చెబుతాడు. జడ్జిగారు దాన్ని ఒక ఇంగ్లీషు వాక్యం చేసి, కాగితాల్లోకి చూస్తూ గొణుగుతారు. ఇద్దరు వకీళ్లు ఒకేసారి లేస్తారు. బయట బంట్రోతు ఎవరి పేరో మూడుసార్లు కేకేస్తాడు. పైన ఫ్యాను."

1837లో తన పద్ధతిని అచ్చువేసిన ఐజాక్ పిట్‌మన్ ఈ ఫ్యాను సంగతి ఆలోచించినట్టు లేదు. ఆయన లెక్కలో గీత పలచగా గీస్తే 'ప', అదే గీత ఒత్తి గీస్తే 'బ'. స్పీడు కావాలంటే అచ్చులు వదిలేయాలి. ప్రాసిక్యూట్, పర్సిక్యూట్ కలిసిపోకుండా వేర్వేరు రూపాలిచ్చారు గానీ, అవి తారుమారైనా ముద్దాయికి పెద్ద తేడా తెలియదు.

ఈలోగా డాలస్ నుంచి పెద్దమ్మ కూతురు ఫోను. అక్కడి కోర్టు రిపోర్టర్లకి 22 మీటల మిషనుంటుందట, నాలుగైదు మీటలు ఒకేసారి నొక్కుతారట. వాళ్ల జాతీయ సంఘం సర్టిఫికెట్ కావాలంటే ప్రశ్న-జవాబుల్ని నిమిషానికి 225 మాటల చొప్పున దింపాలట. 120కే చెమటలు పడుతున్న నేను మావయ్య వంక చూశాను.

"అక్కడ సాక్షి అన్నది రాస్తారు, ఇక్కడ జడ్జిగారు అన్నది రాస్తాం. మన సాక్షి గంటసేపు ఏడ్చినా మనకి రెండు లైన్లే" అని ఫోను పెట్టించేశాడు.

చివరికి బస్టాండు ఎదురు మేడ మీద దొరికాడు మాకు కావలసిన మాస్టారు. బుగ్గలో కిళ్లీ. పక్క గదిలో లోయర్ బ్యాచి టైపు మిషన్లు, కింద స్కూటర్ల రిపేరు. పాత తీర్పులు చదువుతూ వాక్యాల చివర్లు మింగేస్తాడు. ఫోనొస్తే డిక్టేషన్ ఆపడు. అప్పీలు కొట్టేస్తూనే గ్యాసు బండ రేపు పంపమంటాడు. పాత విద్యార్థులు బండ వదిలేసి తీర్పు రాసుకుంటారు. కొత్తగా చేరిన ఒకమ్మాయి బండ కూడా తీర్పులో వేసేసింది.

క్రాస్ ఎగ్జామినేషన్లన్నీ ఎటు తిరిగినా చివరికి 'నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు' అనే మాట దగ్గరికే చేరతాయి కదా, ఈయన ఆ ముక్క మొత్తానికి పుస్తకంలో లేని ఒకే ఒక్క గీత కనిపెట్టాడు. మొదటి రోజే నేర్పిస్తాడట.

మావయ్య మెట్ల మీద నిలబడి కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదన్నాడు. అక్కడికక్కడే నా ఫీజు కట్టేశాడు.